కనుమ బండికి గేరు నూనె

సోమవారం. వానలు వెనకబట్టిన వారం.

ఈ పుస్తకం బండిది. బండి తోలేవాళ్ళు రాయాలి, తరువాత తోలబోయేవాళ్ళు చదవాలి. అది ఎగువమిట్ట ఊరి కట్టుబాటు. నాకు ముందు తోలినవాళ్ళు పెట్రోలుకు బదులు సారా ఎంత పోశారో, టైరు ఎక్కడ పంచరయిందో రాసి ఊరుకున్నారు. నేనూ ఇన్నాళ్ళు అట్లాగే రాశాను. ఈ రోజు కొంచెం ఎక్కువ రాయాల్సి ఉంది.

పొద్దున ఓబులేసును దిగువపేట ఆసుపత్రికి తీసుకుపోయాను. ఓబులేసు నా భర్త. రెండు కిడ్నీలూ పనిచేయవు. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, మిషన్ మీద రక్తం శుభ్రం చేయించాలి. అది అయ్యాక మనిషి పిండేసిన బట్టలా ఉంటాడు. వెనక సీటులో పడుకోబెట్టి తిరుగుదారి పట్టాను.

కనుమ మొదట్లో, పసుపు రాయి దగ్గర, పటం బండ్లు ఎప్పటిలాగే వరసగా ఆగి ఉన్నాయి. వాటిని ఎవరూ తోలనక్కర్లేదు. ఎక్కి కూర్చుని ఊరి పేరు చెబితే తమ లోపలి పటం చూసుకుని అవే పోతాయి. పెద్దవానకు కనుమ దారి కొట్టుకుపోయిన ఏడాది పటంలోంచి ఈ దారిని చెరిపేశారు. రాళ్ళు పేర్చి దారి మేమే మళ్ళీ వేసుకున్నాం. పటంలో మాత్రం మళ్ళీ ఎవరూ గీయలేదు. ఎగువమిట్టకు పొమ్మంటే, "మీరు చెప్పిన చోటు లేదు" అని తీయటి గొంతుతో చెప్పి తలుపులు తెరుస్తాయి. ఆ లేని చోట మేము రెండు వందల గడప బతుకుతున్నాం. మాకు ఉన్నది పటం అడగని ఈ ఒక్క పాత కారు.

మూడో మలుపులో దారి బాగా నిక్కుతుంది. అక్కడికి వచ్చేసరికి ఇంజను ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టింది. అరుపు పెరుగుతోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు. కాలు ఇంకా నొక్కాను. అరుపు ఇంకా పెరిగింది. తరువాత బండి మెల్లగా వెనక్కి జారసాగింది. బ్రేకు తొక్కి, చేతి బ్రేకు లాగి, దిగి, వెనక చక్రాల కింద రాళ్ళు పెట్టాను. కింద లోయలో చెట్ల తలలు కనబడుతున్నాయి.

"ఏమైంది?" అన్నాడు ఓబులేసు కళ్ళు తెరవకుండానే.

"ఏం లేదు. దానికి ఆయాసం వచ్చింది."

"నా మాదిరే."

బండి చల్లబడేదాకా ఆ రాళ్ళ మీదే కూర్చున్నాను. ఆ తరువాత కదిలింది. ఇంటికి చేరాం. కానీ బండి ఎందుకు ఆగిందో నాకు తెలియలేదు, ఎందుకు మళ్ళీ కదిలిందో కూడా తెలియలేదు.

మంగళవారం.

ఈ బండికి క్లచ్ పెడలు లేదు. గేర్లు తనంతట తానే మార్చుకునే పాత రకం. ఇంజను బలాన్ని చక్రాల దాకా మోసుకుపోయేది గేరుపెట్టెలో తిరిగే ఒక నూనె. ఆ నూనె ఒత్తిడికే లోపలి పలకలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని తిరుగుతాయి. నూనె పాడైతే ఆ పట్టు పోతుంది.

ఇంజను ఆన్‌లో ఉంచి గేరు నూనె కొలకడ్డీ లాగి గుడ్డ మీద తుడిచాను. దాసాని పువ్వులా ఎర్రగా ఉండాల్సిన నూనె, అడుగంటిన కాఫీలా ఉంది. ఆ గుడ్డ పట్టుకుని కాశింబీ పెద్దమ్మ ఇంటికి పోయాను. ఆమె ఊరి తూర్పు చివర ఒంటరిగా ఉంటుంది. భర్త మౌలాలి బతికి ఉన్నప్పుడు వాళ్ళకు అచ్చం ఇట్లాంటి కారే ఉండేది. ఇంజను పగిలి, ఇప్పుడు కొట్టంలో ఉంది. ఆ కారు పనులన్నీ మొగుడూ పెళ్ళాలే ఇంటి దగ్గర చేసుకునేవాళ్ళు. ఆయన కింద పడుకుంటే ఈమె పైన నూనె పోసేది.

కాశింబీ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మాడిపోయింది మే. ఎప్పుడు మార్చినారు?"

"మార్చినట్టు బండి పుస్తకంలో యాడా లేదు పెద్దమ్మా. మార్చే పనే లేదని కంపెనీవాళ్ళ పుస్తకంలో రాసుండాది. బండి బతికినంత కాలం వస్తాదంట."

"నూనె సచ్చిన పొద్దు బండీ సస్తాది. ఆ రకంగా వాళ్ళు రాసింది నిజమే."

కొట్టంలోకి తీసుకుపోయింది. మూత తీయని గేరు నూనె డబ్బాలు నాలుగు, గేరుపెట్టెలో నూనె వడకట్టే జల్లెడ ఒకటి, గోనెసంచి కింద ఉన్నాయి. వాటి మీద దుమ్ము లేదు. తరచూ తుడుస్తున్నట్టుంది.

"ఈ కారు ఇంగ లేవదని నాకు తెల్సు" అంది. "తెల్సినా దాచుకోనుండా. తీస్కపో. గానీ ఒక మాట ఇను. ఇంత మాడిన నూనెలో పలకల అరుగు పొడి కలిసుంటాది. ఒక్కోసారి ఆ పొడే ఇంత పట్టు ఇస్తాంటాది. మంచి నూనె పోస్తే ఆ పొడి కడిగేసినట్టయి, ఉండే పట్టూ పోవచ్చు."

"మార్చకుంటే?"

"పోయినంత దూరం పోతాది. యాడ ఆగుతాదో నీకూ తెల్వదు, నాకూ తెల్వదు."

"మారిస్తే?"

"బాగుపడొచ్చు. లేదంటే మీ వాకిట్లోనే కూర్చోనుంటాది, శాశ్వతంగా."

డబ్బాలు తీసుకోలేదు. ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను.

బుధవారం.

మంత్రసాని పుల్లమ్మ వచ్చి బండి ఎట్లా ఉందని అడిగింది. ఆమె బండి సంగతి అడిగిందంటే మనిషి సంగతి ఉన్నట్టే. సుంకమ్మ కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందట. చేత్తో సరిచేయాలని చూసింది, మళ్ళీ అడ్డమే పడింది. నొప్పులు ఈ నెలలోనే రావచ్చు. కోసి తీయాల్సిందే, అది దిగువపేటలోనే అవుతుంది. సుంకమ్మకు ఇది రెండో కాన్పు. మొదటి బిడ్డ కనుమ దారి లేని ఏడు, డోలీలో మోసుకుపోతుంటే, పసుపు రాయి చేరకముందే పోయింది.

అప్పటినుంచి నా తలలో ఒకటే తిరుగుతోంది. మార్చకపోతే ఓబులేసు మిషన్‌కు రేపటి గురువారం గడుస్తుందేమో, వచ్చే సోమవారం గడుస్తుందేమో. కానీ ఎక్కిన ప్రతిసారీ పలకలు ఇంకొంచెం అరుగుతాయి. సుంకమ్మకు నొప్పులు వచ్చిన రోజు ఏమీ మిగలకపోవచ్చు. మారిస్తే, వాకిట్లోనే కూలబడిందంటే, సుంకమ్మకు మళ్ళీ డోలీ. ఓబులేసుకు డోలీ కూడా పనికిరాదు. వారానికి రెండుసార్లు మనిషిని కొండ దాటించి మోసేవాళ్ళు ఎవరున్నారు?

పెద్దమనుషులను అడిగాను. బండి సంగతి నీకే తెలుసు, నీకు ఎట్లా తోస్తే అట్లా చేయమన్నారు. వాళ్ళు మంచివాళ్ళు, నా భర్త ప్రాణంతో ముడిపడిన పనికి నాతో ఇంకేం అనగలరు.

సాయంత్రం ఓబులేసుకు సంగటి ముద్ద పెడుతుంటే ఆయనే ఎత్తుకున్నాడు.

"కాశింబీ ఏమనింది?"

ఉన్నదంతా చెప్పాను. తింటూ విన్నాడు. చేయి కడుక్కున్నాక అన్నాడు:

"రేపు నన్ను దించేసి రా. మిషన్ అయినాక నేను తిరిగి రాను. ఆసుపత్రి పక్కన రోగుల వసారా ఉండాది గదా, ఆడ ఉంటా. నువ్వు వచ్చి నూనె మార్చు."

"ఆ వసారాలోకి పోనని నువ్వే అంటివి."

"అంటిలే."

"నేను లేకుండా ఆడ ఎట్లుంటావు? నీకు నీళ్ళు కొలిచి ఇచ్చేదెవరు?"

"నేనే కొల్సుకుంటా. సూడు మే, నేను ఆ బండిలో కూర్చోనున్నంత సేపూ నువ్వు సరింగా ఆలోచించలేవు. సుంకమ్మ గురించి అనుకుంటాంటే నేను అడ్డమొస్తా. నా గురించి అనుకుంటాంటే ఆ బిడ్డ అడ్డమొస్తాది. నన్ను ఆడ దించినావంటే నీకు బండొకటే మిగులుతాది. దాని సంగతి నువ్వు చూస్కోవచ్చు."

నేను కోపంగా గిన్నెలు ఎత్తాను. ఆయన మీద ఎందుకు కోపం వచ్చిందో అర్థం కాలేదు. గిన్నెలు తోముతుంటే అర్థమైంది. ఆ మాట నేను మనసులో అనుకోకముందే ఆయన పైకి అన్నాడు.

గురువారం.

మా ఊరి నుంచి దిగువపేటకు పోవాలంటే ముందు కనుమ నెత్తి దాకా ఎక్కాలి, తరువాత దిగాలి. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. అందుకని ఏ వైపు పోయినా ఈ బండికి ఎక్కుడు తప్పదు.

పొద్దున చల్లగా ఉండగానే బయలుదేరాం. ఓబులేసు వెనక పడుకోలేదు, ముందు కూర్చున్నాడు. బట్టల మూట, దుప్పటి, తన ఉలి, సుత్తి. ఆయన బండల పనివాడు. ఈ కనుమ దారిలో సగం రాళ్ళు ఆయన చేత్తో వేసినవే. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఒకచోట, "ఆడ నీళ్ళు నిలుస్తాండాయి, కాలవ తీయమని చెప్పు" అన్నాడు. నెత్తి దగ్గర బండి రెండుసార్లు పట్టు వదిలింది, మళ్ళీ అందుకుంది.

రోగుల వసారా పొడుగాటి రేకుల షెడ్డు. మంచాలు దగ్గర దగ్గరగా వేసి ఉన్నాయి. మంచం పక్కన దుప్పటి పరిచి, నీళ్ళ గ్లాసు మీద గోరుతో గీత పెట్టి చూపించాను. అంతకు మించి తాగితే ఒళ్ళు ఉబ్బుతుంది. ఆయనకు తెలియనిది కాదు. చూపించడానికి నాకు ఇంకేమీ దొరకలేదు.

"ఎండ ఎక్కకముందే పో" అన్నాడు. "ఖాళీ బండి కాబట్టి ఎక్కుతాదిలే."

నిజంగానే ఖాళీ బండి కాబట్టి ఎక్కింది. మూడో మలుపులో మళ్ళీ జారింది. ఈసారి వెనక సీటు నుంచి ఎవరూ ఏమైందని అడగలేదు. చల్లబడేదాకా ఆగి, కొంచెం ఎక్కి, మళ్ళీ ఆగి, ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. నేరుగా కాశింబీ ఇంటికే తోలాను.

"మారుద్దాం పెద్దమ్మా" అన్నాను.

"ఆయప్పను దించేసి వచ్చినావా?"

తల ఊపాను. ఆమె లోపలికి పోయి నాకు అన్నం పెట్టింది.

శుక్రవారం.

తరువాత తోలేవాళ్ళ కోసం ఈ పని వివరంగా రాస్తున్నాను.

కాశింబీ వాకిట్లో కడప బండలు ఒకదాని మీద ఒకటి మెట్లలా పేర్చి, బండి ముందు చక్రాలను వాటి మీదికి ఎక్కించాం. వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్ళు అడ్డం పెట్టాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎప్పుడూ కింద దూరవద్దు. అంతకుముందు బండిని ఊళ్ళో ఒక చుట్టు తిప్పాం. నూనె గోరువెచ్చగా ఉంటేనే మొత్తం దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలతాయి.

గేరుపెట్టె అడుగున పళ్ళెంలాంటి రేకు మూత ఉంటుంది. దాని చుట్టూ బోల్టులు. అన్నీ ఒకేసారి విప్పకూడదు. ఒక మూల వైపు వదులు చేసి, ఆ మూల నుంచి నూనెను కిందకు వంపుకోవాలి. నేను కింద పడుకున్నాను, కాశింబీ పక్కన కూర్చుని చెబుతోంది. మొదట చుక్కలు, తరువాత ధార. పెద్ద గంగాళంలో పట్టాం. నల్లగా దిగింది. వాకిలంతా మాడు వాసన.

పళ్ళెం విప్పి ఎండలోకి తెచ్చాను. లోపల మూలన ఒక అయస్కాంతం బిళ్ళ. లోపల అరిగిన ఇనుమంతా దానికి అంటుకుంటుంది. దాని మీద బూడిదరంగు ముద్ద మందంగా పట్టి ఉంది. కాశింబీ వేలితో తీసి రుద్దింది.

"ఇది మెత్తగా ఉండాది. ఇది వయసుతో వచ్చేది. భయం లేదు."

తరువాత పళ్ళెం అడుగు తడిమింది. అక్కడ రెండు నల్లటి పెచ్చులు దొరికాయి, గోరంత. వాటిని చాలాసేపు చూసింది.

"ఇవి పలకలవే. పైపూత ఊడింది."

"అంటే?"

"అంటే ఎన్నాళ్ళకో ఒకనాటికి పోతాది. ఆ పొద్దు రేపే కాకుండా చూద్దాం, అంతే మనం చేయగలిగింది."

పాత జల్లెడ తీసి కొత్తది బిగించాను. పళ్ళేనికీ పెట్టెకూ మధ్య ఉండే బెండు పట్టీ చేతిలోనే పొడి అయింది. అది లేకుండా బిగిస్తే నూనె కారిపోతుంది. కొత్తది లేదు. కాశింబీ కొంగు బిగించుకుని లేచింది.

"మా దాంట్లో ఉండాది. ఆయన పోయే ముందు ఏడే కొత్తది వేసినాం. రబ్బరుది."

తన కారు కింద తానే దూరుతానంది. ఆమె వయసుకు వద్దన్నాను. వినలేదు. కొట్టంలో నేల మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని, పాత చేతులతో ఒక్కో బోల్టు తిప్పింది. నేను బిందె పట్టుకుని కూర్చున్నాను. మౌలాలి పోసిన నూనె దిగింది. ఎర్రగా, తేటగా ఉంది.

"ఇదీ పారేయొద్దు" అంది కింద నుంచే. గొంతు మామూలుగానే ఉంది. "పళ్ళెం విప్పినా సగం నూనె లోపల్నే ఉండిపోతాది. ఒక్కసారి మారిస్తే మంచిది చెడ్డదాంట్లో కలిసి అదీ చెడుతాది. ముందు దీంతో కడుగుదాం. మళ్ళీ దింపి డబ్బాల్లోది పోద్దాం."

బయటికి వచ్చాక కారు ముందు భాగం మీద అరచేయి ఆనించి కొద్దిసేపు నిలబడింది. తరువాత ఆ చేతిని చీరకు తుడుచుకుని, పట్టీని నాకు అందించింది.

పట్టీ పెట్టి, బోల్టులు అటొకటి ఇటొకటిగా సమంగా బిగించాను. ఒక పక్కనే బిగిస్తే పళ్ళెం వంకర పోతుంది. మౌలాలి నూనెను పలుచటి గుడ్డలో వడగట్టి, కొలకడ్డీ గొట్టంలో గరాటు పెట్టి పోశాం. ఎంత దిగిందో అంతే పోయాలి. ఇంజను నడిపి, బ్రేకు మీద కాలు గట్టిగా పెట్టి, గేరు కడ్డీని ఒక్కో గడిలో కాసేపు ఆపుతూ అన్ని గడులూ తిప్పాను. ఇంజను ఆపి మళ్ళీ దింపాం. ఈసారి ఇటుక రంగులో దిగింది. డబ్బాల్లోది పోశాం.

అప్పుడు ఇంజను వేసి, ముందుకు పోయే గడిలో పెట్టి, బ్రేకు మీద కాలు కొంచెం సడలించాను.

బండి కదలలేదు.

వెనక్కి పోయే గడిలో పెట్టాను. కదలలేదు. ఇంజను హాయిగా తిరుగుతోంది, దానికి చక్రాలతో సంబంధమే లేనట్టు. సుంకమ్మ పొద్దుటినుంచి వాకిలి గోడ పక్కన నిలబడి చూస్తోందని అప్పుడే గమనించాను. రెండు చేతులూ కడుపు కింద పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

"దిగొద్దు" అంది కాశింబీ. "కడ్డీ చూడనీ."

కొలకడ్డీ లాగి చూసింది. గీతకు చాలా కిందుగా ఉంది. రెండోసారి దింపినప్పుడు గంగాళం పక్కకు చాలా ఒలికిందని, దాన్ని లెక్కలోకి తీసుకోలేదని ఇద్దరికీ ఒకేసారి తోచింది. చివరి డబ్బాలో మిగిలినది రవ్వంత రవ్వంతగా పోసింది. పోసి, ఆగి, కడ్డీ చూసి, మళ్ళీ పోసింది.

"ఇంగ చూడు."

గేరు వేశాను. ఒక ఊపిరి తీసేంత సేపు ఏమీ కాలేదు. తరువాత అడుగున ఎక్కడో మెత్తగా ఒక దెబ్బ వినిపించి, బండి బండల మీద ముందుకు నిక్కింది. కాశింబీ నేల మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఇంజను ఆపకుండా అట్లాగే కూర్చుండిపోయాను. చూస్తే సుంకమ్మ కూడా గోడ దిగువన కూర్చుని ఉంది.

శనివారం.

ఊరి వెనక ఏటవాలు మీద ఎక్కించి దించాను. జారలేదు. నూనె వేడయ్యాక కొలకడ్డీ మళ్ళీ చూశాను, గీత దగ్గరే ఉంది, రంగు ఎర్రగా ఉంది. పళ్ళెం అంచున తడి లేదు. పాత నూనెను బావికి దూరంగా డబ్బాలో మూసి పెట్టాను. నేల మీద పోయకండి.

సోమవారం ఓబులేసు మిషన్ రోజు. ఈ సోమవారం నేను లేకుండానే మిషన్ దగ్గరికి పోతాడు.

బుధవారం, తరువాతి వారం.

నిన్న తెల్లవారుతుండగా సుంకమ్మకు నొప్పులు మొదలయ్యాయి. పుల్లమ్మ, సుంకమ్మ అత్త వెనక కూర్చున్నారు. నెత్తి దాకా ఎక్కుడంతా నేను ఇంజను శబ్దమే వింటూ తోలాను. వెనక సుంకమ్మ మూలుగుతోంది, నేను మాత్రం ఇంజనే వింటున్నాను. ఎక్కింది. ఒక్కచోట కూడా పట్టు వదలలేదు. ఓబులేసు చెప్పిన చోట నీళ్ళు నిలిచి ఉన్నాయి. మెల్లగా దాటించాను.

కోసి తీశారు. ఆడబిడ్డ. ఇద్దరూ క్షేమం.

అక్కడినుంచి వసారాకు పోయాను. ఓబులేసు మంచం మీద లేడు. షెడ్డు ముందు విరిగిన మెట్టు సరిచేస్తున్నాడు. ఒక దెబ్బ కొట్టి, ఊపిరి పీల్చుకుని, మరో దెబ్బ కొడుతున్నాడు. నన్ను చూసి ఉలి పక్కన పెట్టాడు.

"ఎక్కినాదా?"

"ఎక్కింది. బాగా ఎక్కింది. సుంకమ్మకు పాప. నువ్వు మూట కట్టుకో, శుక్రవారం వాళ్ళతో పాటే పోదాం."

"నూనె దింపినప్పుడు లోపల ఏం కనబడింది?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. కాశింబీ చేతికి దొరికిన రెండు పెచ్చుల సంగతి చెప్పాను.

"అవి మళ్ళా అతుక్కుంటాయా?"

"అతుక్కోవు."

"మరి వారానికి రెండు మార్లు నన్ను ఎక్కించి దించినావంటే అది ఎంతకాలం వస్తాది? ఇంగో సుంకమ్మకు ఏముంటాది?"

మెట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. నేనే ఇక్కడికి వచ్చేస్తానన్నాను. అయితే బండి ఎవరు తోలతారని అడిగాడు. ఇద్దరం ఎదురుగా ఆగి ఉన్న పటం బండ్లను చూస్తూ కూర్చున్నాం. ఎవరో ఒకామె వచ్చి, ఎక్కి, ఏదో ఊరి పేరు చెప్పి, సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. బండి ఆమెను తీసుకుని పోయింది.

"అదృష్టవంతురాలు" అన్నాను.

"వాళ్ళ ఊరు ఉండాది" అన్నాడు ఓబులేసు.

శుక్రవారం సుంకమ్మను, పాపను తెచ్చుకోవడానికి మళ్ళీ పోవాలి. అప్పుడు ఆయనను ఇంకోసారి చూడొచ్చు.

పుష్య మాసం.

ఊరి పెద్దలు, నేను కలిసి ఒక మాట అనుకున్నాం. ప్రాణం మీదికి వస్తేనే బండి తీయాలి. కూరగాయలకు, పెళ్ళి బట్టలకు, మనుషులను చూడడానికి తీయకూడదు. ఆ మాట ముందు అన్నది నేనే.

సుంకమ్మ వచ్చాక బండి ఒక్కసారి కదిలింది, పాము కరిచిన మనిషి కోసం. అతను బతికాడు. ఆ రోజు ఓబులేసుతో కలిసి గంజి తాగాను. కాళ్ళు కొంచెం ఉబ్బి ఉన్నాయి. నీళ్ళు ఎక్కువ తాగుతున్నావా అంటే లేదన్నాడు.

ఆ తరువాత ఎవరికీ ఏమీ కాలేదు. రోజూ ఇంజను వేసి, ఆపి, కడ్డీ చూసి రాస్తున్నాను. నిన్న పొద్దున ఎవరో మా వైపు పరిగెత్తుకుంటూ వస్తున్నట్టు చప్పుడైంది. నేను తాళంచెవి అందుకుని వాకిట్లోకి వచ్చాను. మేకను తరుముతున్న మనిషి. అప్పుడు నా లోపల కలిగినది ఏమిటో రాయడానికి చేయి రావడం లేదు. నిరాశ కలిగింది. ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అయి ఉంటుందని నేను ఆశపడ్డాను.

కాశింబీకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె రొట్టె తిప్పుతూనే వింది.

"బండి లేకుంటే నీకు కాళ్ళు లేవా?" అంది.

"నేను నడిచి దిగిపోతే, ఆ పొద్దే ఎవరికన్నా అయితే?"

"తోలేదానికి ఇంగొకర్ని తయారు చేయ్. ఊరంతట్లో నీకొక్కదానికే చేతులు ఇచ్చినాడా దేవుడు?"

ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదో తెలియదు. ఆలోచించగా, ఎవరికి నేర్పాలో మాత్రం వెంటనే తట్టింది.

మాఘ మాసం.

సుంకమ్మ పాపను కాశింబీ ఒళ్ళో పెట్టి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంటోంది. మొదటి రోజు బ్రేకు తొక్కి ఇద్దరి తలలూ అద్దానికి కొట్టించింది. ఇప్పుడు ఊరి వెనక ఏటవాలు మీద రాయి పెట్టకుండానే ఆపి, మళ్ళీ కదిలించగలదు. ఏటవాలు మీద బండిని ఆపాల్సి వస్తే కాలితో నొక్కి ఇంజనుకు సారా ఇచ్చి నిలబెట్టకూడదని, బ్రేకుతోనే ఆపాలని, లేకపోతే నూనె మాడుతుందని చెప్పాను. ఒకసారి చెబితే చాలు, మళ్ళీ చెప్పాల్సిన పని పెట్టదు.

"అక్కా, కనుమ మీద భయమైతాది" అంది మొన్న.

"నాకూ అయితాది" అన్నాను. "ఆ భయం ఉంటేనే మెల్లగా తోలుతావు."

ఓబులేసు చెప్పిన చోట కాలవ తీయించాను. నీళ్ళు నిలవడం లేదు.

ఇద్దరం కలిసి ఒకసారి నెత్తి దాకా పోయి వచ్చాం. సుంకమ్మ తోలింది. నేను పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ దారిని పక్క సీటులోంచి చూడడం అదే మొదటిసారి. రాళ్ళు ఎంత సమంగా, ఒకదానికొకటి ఎంత బాగా ఒదిగి ఉన్నాయో అప్పుడు చూశాను.

మాఘ మాసం, చివరి ఆదివారం.

సుంకమ్మా, రేపటినుంచి ఈ పుస్తకం నువ్వు రాయాలి.

ఇంజను వేడయ్యాకే, అది ఆన్‌లో ఉండగానే గేరు నూనె కడ్డీ చూడు. రంగు ఒక్కటే చూడకు, వాసన కూడా చూడు. వంకాయ మాడిన వాసన వస్తే నాకు కబురు పంపు. పోయడానికి కొత్త నూనె లేదు. కింద ఆసుపత్రి వెనక పాత ఇనుము కొట్లు ఉన్నాయి, అక్కడ వెతకడం నా పని. ఎక్కుడులో ఇంజను అరిచి బండి కదలకపోతే కాలు తీసెయ్, ఇంకా నొక్కకు. చల్లబడేదాకా కూర్చో. వెనక ఉన్న మనిషి ఏమైందని అడిగితే జవాబు చెప్పు, ఊరికే ఉండకు.

బండి ఒక రోజు ఆగిపోతుంది. అది నీ తప్పు కాదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ చెప్పి పెట్టాను.

ఓబులేసుకు కాళ్ళ వాపు ఎక్కువైందని పోయిన వారం ఉప్పు తెచ్చినవాళ్ళు చెప్పారు. మిషన్ మీద ఇప్పుడు వారానికి మూడుసార్లు పడుకోబెడుతున్నారట. ఆయన దగ్గర కొన్నాళ్ళు ఉంటాను. ఎన్నాళ్ళో నాకు తెలియదు. రేపు పొద్దున్నే రొట్టెలు కట్టుకుని బయలుదేరుతున్నాను. కనుమ దాటి దిగేసరికి పొద్దు వాలుతుంది, అంతే.

నొప్పులవాళ్ళు, దెబ్బలవాళ్ళు ఉంటే ఆలోచించకుండా తోలుకుని రా. ఆసుపత్రి దగ్గర నేను ఉంటాను. నన్ను తీసుకురావడానికి మాత్రం బండి తీయవద్దు. తిరిగి వచ్చే రోజు వచ్చినప్పుడు నేను నడిచే వస్తాను.

— చౌడమ్మ